న్యూసెన్స్: ఈ మాట ఎక్కడిది? ఎవరి మీద పడుతోంది?

“ఇక్కడ న్యూసెన్స్ చేయకండి.” ఈ మాట వినని తెలుగువాళ్లు ఉండరేమో. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ అంటాడు, బస్ కండక్టర్ అంటాడు, ఆస్పత్రి గేటు దగ్గర సెక్యూరిటీ అంటాడు, స్టేషన్‌లో కానిస్టేబుల్ అంటాడు. ఇంగ్లిష్ చదువుకోని ముసలమ్మ కూడా పక్కింటి పిల్లల గోల తట్టుకోలేక “ఏం న్యూసెన్స్‌రా ఇది” అనేస్తుంది. పాతబస్తీ గల్లీల్లో అయితే “క్యా న్యూసెన్స్ కర్రే జీ” అని దక్కనీలో కలిపేస్తారు. అంతగా మనదైపోయింది ఈ మాట.

అయితే దీనికి ఇంకో ముఖం ఉంది. నోట్లో ఉన్నంతసేపు అది చికాకు. కాగితం మీదకి ఎక్కితే కేసు. రోడ్డు పక్కన బండి పెట్టుకున్నవాడికి, రాత్రి అరుగు మీద కూర్చున్న కుర్రాడికి, సౌండ్ బాక్సులు పెట్టిన పెళ్లివారికి ఈ ఒక్క మాటతో జరిమానా పడొచ్చు. అందుకే దీని అర్థం, పుట్టుక, వాడుక కాస్త వివరంగా తెలుసుకోవడం అవసరం.

ముందు ఒక అపోహ తీసేద్దాం. చాలామంది న్యూసెన్స్‌ని, నాన్సెన్స్‌ని కలిపేసి వాడతారు. రెండింటికీ చుట్టరికం లేదు. నాన్సెన్స్ అంటే అర్థం లేనిది, తెలివిమాలినది. ‘సెన్స్’కి ముందు ‘కాదు’ అనే ముక్క తగిలిస్తే వచ్చింది. న్యూసెన్స్‌లో అసలు ‘సెన్స్’ లేదు, ‘న్యూ’ అంతకన్నా లేదు. చివర వినపడే ఆ ‘సెన్స్’ శబ్దం ఫ్రెంచి నుంచి వచ్చిన ప్రత్యయం వల్ల వచ్చినది మాత్రమే. ఒకడు అర్థం లేకుండా మాట్లాడితే నాన్సెన్స్. అదే మాటలు అర్ధరాత్రి మైకులో మాట్లాడితే న్యూసెన్స్.

హాని నుంచి చికాకు దాకా

లాటిన్ భాషలో ‘నొకెరె’ అని ఒక క్రియ ఉంది. హాని చేయడం అని అర్థం. అది పాత ఫ్రెంచిలో ‘న్యుయిర్’ అయింది, దాని నుంచి హాని, గాయం అనే అర్థంలో నామవాచకం పుట్టింది. నార్మన్లు ఇంగ్లండును గెలిచాక అక్కడి కోర్టుల్లో శతాబ్దాల పాటు ఫ్రెంచి, లాటిన్ నడిచాయి. అలా కోర్టు గుమ్మంలోంచి ఈ మాట ఇంగ్లిష్‌లోకి వచ్చింది. 15వ శతాబ్దం మొదటికల్లా ఇంగ్లిష్ రాతల్లో కనిపిస్తుంది. అప్పుడు దాని అర్థం చికాకు కాదు, అచ్చంగా హాని.

ఈ లాటిన్ వేరుకి పిల్లలు చాలామందే ఉన్నారు. ‘ఇన్నోసెంట్’ అంటే అమాయకుడు, నిర్దోషి అని మనకు తెలుసు. విడదీస్తే ‘హాని చేయనివాడు’. విషవాయువులకు వాడే ‘నాక్షస్’, భరించలేని మనిషికి వాడే ‘అబ్‌నాక్షస్’ కూడా ఈ కుటుంబమే. అంటే న్యూసెన్స్ కేసులో పట్టుబడినవాడు కోర్టులో “నేను ఇన్నోసెంట్ సార్” అంటే, ఒకే వేరు నుంచి వచ్చిన రెండు మాటలు ఎదురెదురుగా నిలబడ్డట్టే.

ఇంకా వెనక్కి వెళ్తే మరో ఆశ్చర్యం. భాషాశాస్త్రవేత్తలు చెప్పే ప్రకారం లాటిన్ ‘నొకెరె’కి, సంస్కృతంలోని ‘నశ్’ ధాతువుకి మూలం ఒకటే. తెలుగులో రోజూ వాడే నాశనం, వినాశం, నశించడం ఆ ధాతువు నుంచే వచ్చాయి. కాబట్టి న్యూసెన్స్, నాశనం దూరపు దాయాదులు. “పిల్లలు ఇల్లంతా నాశనం చేశారు”, “పిల్లలు న్యూసెన్స్ చేస్తున్నారు” అనే తల్లి తెలియకుండానే ఒకే వేరుని రెండుసార్లు వాడుతోంది.

మరి హాని ఎప్పుడు చికాకుగా మారింది? 17వ శతాబ్దంలో ఈ మార్పు స్పష్టంగా కనిపిస్తుంది. దుర్వాసన వల్ల, చూడ్డానికి అసహ్యంగా ఉండడం వల్ల జనానికి ఇబ్బంది పెట్టేదాన్ని న్యూసెన్స్ అనసాగారు. ఆ శతాబ్దం ముగిసేలోపే మనుషులకూ వాడడం మొదలైంది. తర్వాత్తర్వాత గొడుగు మర్చిపోవడం, తలుపు సరిగా పడకపోవడం లాంటి చిన్న విషయాలు కూడా న్యూసెన్స్ అయిపోయాయి. వాడుకలో ఇలా నీరుగారిపోయినా, చట్టంలో మాత్రం పాత బరువు అలాగే ఉండిపోయింది. చిక్కంతా అక్కడే.

పందుల కొట్టం, మిఠాయి రోలు, క్రికెట్ బంతి

ఇంగ్లండు కోర్టుల్లో న్యూసెన్స్ చరిత్ర చదివితే పొరుగువాళ్ల గొడవల పురాణంలా ఉంటుంది. 1610 నాటి ఆల్‌డ్రెడ్ కేసు బాగా ప్రసిద్ధి. ఒకాయన పొరుగాయన ఇంటిని ఆనుకుని పందుల కొట్టం కట్టాడు. ఆ కంపుకి పక్కింట్లో ఉండలేని పరిస్థితి. కట్టినాయన వాదన ఏంటంటే, జనానికి పందులు అవసరం, అంత సుకుమారమైన ముక్కు ఉంటే ఎలా అని. కోర్టు ఒప్పుకోలేదు. ఇంటిలోకి వచ్చే గాలిని పాడుచేసే హక్కు ఎవరికీ లేదని తేల్చింది.

1879లో స్టర్జెస్, బ్రిడ్జ్‌మన్ కేసు వచ్చింది. లండన్‌లో ఒక మిఠాయి తయారీదారు ఏళ్ల తరబడి పెద్ద రోళ్లలో దంచుకుంటూ ఉన్నాడు. పక్కనున్న డాక్టర్ తన స్థలంలో గోడ వారగా రోగులను చూసే గది కట్టుకున్నాడు. ఇక చప్పుడు ఆపమని కోర్టుకెక్కాడు. “నేను ముందునుంచీ ఉన్నాను, నువ్వే తర్వాత వచ్చావు” అన్న మిఠాయివాడి వాదన నెగ్గలేదు. అయితే ఇదే తీర్పులో ఇంకో మాట కూడా ఉంది. ధనికుల పేటలో న్యూసెన్స్ అయ్యేది, తోళ్ల పని జరిగే పేటలో న్యూసెన్స్ కాకపోవచ్చని. చుట్టుపక్కల ఎలాంటి ప్రాంతమో చూడాలన్నది న్యాయమైన సూత్రమే. కానీ పేదల పేటలో ఉండేవాళ్లు ఎక్కువ కంపు, ఎక్కువ చప్పుడు భరించాలన్నట్టు కూడా అది వినపడుతుంది. ఈ విమర్శ ఈనాటికీ ఉంది.

1893 నాటి క్రిస్టీ, డేవీ కేసు అయితే సినిమా సీన్‌కి సరిపోతుంది. ఇంట్లో సంగీతం పాఠాలు చెప్పే కుటుంబం మీద కోపంతో పక్కింటాయన గోడ బాదడం, పళ్లాలు మోగించడం, ఈలలు వేయడం మొదలుపెట్టాడు. సంగీతం వల్ల ఇబ్బంది ఉండొచ్చు గానీ, కక్షతో చేసిన చప్పుడే న్యూసెన్స్ అని కోర్టు ఆయన్ని ఆపించింది. అంటే ఉద్దేశం కూడా లెక్కలోకి వస్తుంది.

గల్లీ క్రికెట్ ఆడేవాళ్లకు పనికొచ్చే కేసు కూడా ఒకటి ఉంది. ఇంగ్లండులో ఒక ఊరి మైదానంలో సుమారు 70 ఏళ్లుగా క్రికెట్ ఆడుతున్నారు. పక్కన కొత్తగా ఇళ్లు లేచాయి, బంతులు వాటి మీద పడసాగాయి. 1977లో మిల్లర్, జాక్సన్ కేసుగా పైకోర్టుకి వెళ్తే, మెజారిటీ న్యాయమూర్తులు అది న్యూసెన్సే అన్నారు, కానీ ఆట ఆపమని మాత్రం ఉత్తర్వు ఇవ్వలేదు. నష్టపరిహారంతో సరిపెట్టారు.

వీటన్నిటినీ ప్రైవేట్ న్యూసెన్స్ అంటారు. ఒక మనిషి తన ఇంటిని, స్థలాన్ని ప్రశాంతంగా అనుభవించకుండా చేసేది. దీనికి పోలీసులు కాదు, సివిల్ కోర్టు దారి. ఊరందరికీ లేదా ఆ చుట్టుపక్కల జనానికి ఇబ్బంది కలిగించేది పబ్లిక్ న్యూసెన్స్. అది నేరం కూడా.

గోడ మీది రాత

19వ శతాబ్దంలో ఇంగ్లండు నగరాలు మురికితో నిండి కలరా కమ్ముకున్నప్పుడు, న్యూసెన్స్ అనే మాటకు కొత్త అర్థం పట్టుకుంది. మురుగు, పెంట, కుళ్లు, ఇవే న్యూసెన్సులు. వీటిని తొలగించడానికి 1846 నుంచి వరుసగా చట్టాలు చేశారు. ‘ఇన్‌స్పెక్టర్ ఆఫ్ న్యూసెన్సెస్’ అని ఉద్యోగం కూడా పెట్టారు. మన మున్సిపాలిటీల్లో ఉండే శానిటరీ ఇన్‌స్పెక్టర్‌కి ఆయనే తాత అనుకోవచ్చు.

ఆ రోజుల్లోనే గోడల మీద ‘న్యూసెన్స్ చేయరాదు’ అని ఇంగ్లిష్‌లో బోర్డులు వెలిశాయి. మూత్రం అన్న మాట రాయడానికి మొహమాటపడి న్యూసెన్స్ అన్నారు, అంతే. ఆ బోర్డు ఓడెక్కి ఇండియాకీ వచ్చింది. కోర్టుల ప్రహరీల మీద, రైల్వే గోడల మీద ఇప్పటికీ కనిపిస్తుంది. తెలుగువాళ్లకి మాత్రం అంత మొహమాటం లేదు. “ఇచ్చట మూత్రము పోయరాదు” అని నేరుగా రాసేశారు. 1861 పోలీస్ చట్టం 34వ సెక్షన్‌లో కూడా మలమూత్ర విసర్జనతో న్యూసెన్స్ చేయడం శిక్షార్హమని ఉంది.

మన చట్టంలో ఏముంది?

మెకాలే నాయకత్వంలోని కమిషన్ 1837లో ముసాయిదా తయారుచేస్తే, 1860లో ఇండియన్ పీనల్ కోడ్ వచ్చింది. ఉర్దూవాళ్లకు ఇది ‘తాజీరాత్-ఎ-హింద్’. అందులో 268వ సెక్షన్ పబ్లిక్ న్యూసెన్స్‌ని నిర్వచించింది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అదే నిర్వచనం 270వ సెక్షన్‌గా మారింది. సెక్షన్ నంబర్ మారింది గానీ మాట మారలేదు. హిందీ అధికార పాఠంలో కూడా అనువదించకుండా ‘లోక్ న్యూసెన్స్’ అనే పెట్టారంటే, దీనికి దేశీ మాట దొరకడం ఎంత కష్టమో తెలుస్తుంది.

నిర్వచనం సారాంశం ఇది. జనానికి గానీ, చుట్టుపక్కల నివసించేవాళ్లకు గానీ ఉమ్మడిగా హాని, ప్రమాదం, చికాకు కలిగించే పని న్యూసెన్స్. ప్రజలు తమ హక్కుని వాడుకునే చోట అడ్డంకి కలిగించినా అంతే. ఇక్కడ రెండు విషయాలు గమనించాలి. ఒకటి, చేయడమే కాదు, చట్టప్రకారం చేయాల్సింది చేయకపోవడం కూడా న్యూసెన్సే. మురుగు తీయని మున్సిపాలిటీ కూడా ఈ గీత లోపలికే వస్తుంది. రెండు, “దీనివల్ల కొందరికి లాభం కూడా ఉంది కదా” అనే సాకు చెల్లదు.

శిక్ష సంగతికొస్తే, పాత చట్టంలో 290వ సెక్షన్ కింద రూ.200 దాకా జరిమానా. కొత్త చట్టంలో 292వ సెక్షన్ కింద అది రూ.1,000 దాకా పెరిగింది. ఆపమని అధికారి ఉత్తర్వు ఇచ్చాక కూడా కొనసాగిస్తే 293వ సెక్షన్ వర్తిస్తుంది. ఆరు నెలల దాకా సాధారణ జైలు లేదా రూ.5,000 దాకా జరిమానా, లేదా రెండూ. దారికి అడ్డం పెడితే 285వ సెక్షన్, రూ.5,000 దాకా జరిమానా.

సామాన్యుడికి అసలు పనికొచ్చే పాయింట్ వేరే ఉంది. 292వ సెక్షన్ నేరం నాన్-కాగ్నిజబుల్. అంటే వారెంట్ లేకుండా అరెస్టు చేయడానికి, మేజిస్ట్రేట్ అనుమతి లేకుండా దర్యాప్తు చేయడానికి పోలీసులకు వీలుండదు. బెయిల్ కూడా హక్కుగా వస్తుంది. అయితే 293, 285 సెక్షన్లు అలా కాదు, వాటిలో పోలీసులు నేరుగా కదలొచ్చు. పైగా హైదరాబాద్‌లో 1348 ఫస్లీ నాటి సిటీ పోలీస్ యాక్ట్ ఇంకా నడుస్తోంది. ఫస్లీ లెక్కని మార్చుకుంటే అది 1938-39. నిజాం కాలపు ఆ చట్టం కిందే నగరంలో పెట్టీ కేసులు రాస్తుంటారు. కాబట్టి ‘న్యూసెన్స్ కేసు’ అని ఎవరైనా అంటే, ఏ చట్టం, ఏ సెక్షన్ అని అడగడం మొదటి పని.

రత్లాం కేసు

ఈ మాట జనం చేతిలో ఆయుధం కూడా అవుతుందని చూపించింది మధ్యప్రదేశ్‌లోని రత్లాం పట్టణం. అక్కడ ఒక వార్డులో మురుగుకాల్వలు సరిగా లేవు, మరుగుదొడ్లు లేక బస్తీవాళ్లు రోడ్డునే వాడుకోవాల్సి వచ్చేది, పక్కనున్న ఆల్కహాల్ ప్లాంట్ కంపు నీళ్లు వీధిలోకి పారేవి. విసిగిపోయిన వార్డు జనం మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లారు. నేరవిచారణ స్మృతి 133వ సెక్షన్ కింద మున్సిపాలిటీకి ఆదేశాలు వచ్చాయి. మున్సిపాలిటీ మాత్రం డబ్బుల్లేవంటూ సుప్రీంకోర్టు దాకా పోయింది.

1980లో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్, తెలుగువారైన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి ఉన్న బెంచ్ ఆ వాదన కొట్టేసింది. ఖజానా ఖాళీ అనేది బాధ్యత తప్పించుకునే దారి కాదని, మరుగుదొడ్లు, కాల్వలు కట్టి తీరాలని, గడువు పెట్టి మరీ చెప్పింది. బస్తీవాళ్లు న్యూసెన్స్ అని తోసేయకుండా, వాళ్లకి సౌకర్యం లేకుండా చేసినదే న్యూసెన్స్ అని గుర్తించడం ఈ తీర్పు గొప్పదనం. మన మున్సిపాలిటీల్లో ఎన్ని బస్తీలకు ఈ తీర్పు సంగతి తెలుసన్నది వేరే ప్రశ్న.

చప్పుడు, అరుగు, బండి

ఇప్పుడు తెలుగు నగరాల్లో ఎక్కువ ఫిర్యాదులు వచ్చేది శబ్దం గురించే. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బహిరంగంగా లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. అదే ఏడాది ఒక చర్చి కేసులో సుప్రీంకోర్టు, మైకులతో ఇతరుల ప్రశాంతతను భంగపరుస్తూ ప్రార్థన చేయాలని ఏ మతమూ చెప్పదంది. ఈ నిబంధన గుడికి, మసీదుకి, చర్చికి, పెళ్లి బరాత్‌కి, రాజకీయ సభకి ఒకటే. అమలులో ఒకటిగా ఉంటుందా అన్నదే జనం అడిగేది. 2024లో వినాయక నిమజ్జనం, మిలాద్ ఊరేగింపులు అయ్యాక అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలని నిషేధించారు. రెండు వర్గాలకూ ఒకే ఉత్తర్వు. నిబంధన అందరికీ ఒకేలా పడితే న్యూసెన్స్ అనే మాటలో విషం ఉండదు.

విషం ఉండేది ఎక్కడంటే, పని కాకుండా మనిషినే న్యూసెన్స్ అన్నప్పుడు. పాతబస్తీలో పోలీసులు ‘ఆపరేషన్ చబూత్రా’ పేరుతో రాత్రిపూట అరుగుల మీద కూర్చున్న కుర్రాళ్లని పట్టుకెళ్లి, తల్లిదండ్రులను పిలిపించి కౌన్సెలింగ్ ఇచ్చారు. కొందరు పెద్దలు మంచిదేనన్నారు. ఇరుకు గదుల ఇళ్లలో ఉండే పిల్లలకు అరుగే హాలు, అదే బాల్కనీ అన్నది ఇంకో వాదన. కూర్చోవడం నేరం కాదు. కూర్చుని ఏం చేశారన్నది చూడాలి. చట్టం కూడా పనినే నిర్వచించింది, మనిషిని కాదు.

తోపుడు బండ్ల విషయం కూడా ఇంతే. పేవ్‌మెంట్ మీద వ్యాపారం చేసుకోవడం నియంత్రణకు లోబడిన ప్రాథమిక హక్కేనని 1989లో సోదన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే పూర్తయి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా బండివాళ్లను వెళ్లగొట్టరాదు. వేరే చోటికి మార్చాలన్నా 30 రోజుల నోటీసు ఇవ్వాలి. పండ్ల బండి న్యూసెన్స్, దాని పక్కనే సగం రోడ్డు మింగిన షోరూమ్ పార్కింగ్ మాత్రం కాదు అంటే, అది చట్టం మాట కాదు, అలవాటు మాట.

వాడేటప్పుడు

ఇంగ్లిష్‌లో ఇది నామవాచకం. లెక్కపెట్టదగినది కాబట్టి ముందు ‘ఎ’ రావాలి. మనవాళ్లు ‘క్రియేట్ న్యూసెన్స్’ అంటుంటారు, ఇది భారతీయ ఇంగ్లిష్‌లో స్థిరపడిన వాడుక. బ్రిటిష్‌వాళ్లు ఎక్కువగా ‘కాజ్ ఎ న్యూసెన్స్’ అంటారు. తెలుగులో ‘చేయడం’ తగిలించి క్రియ చేసుకున్నాం, ‘గాడు’ తగిలించి తిట్టు కూడా చేసుకున్నాం.

తెలుగు మాటల్లో పూర్తిగా సరిపోయేది ఒక్కటి దొరకదు. కోతులు, కుక్కలు, దోమలైతే ‘బెడద’. మనుషులు చేసేదైతే ‘రచ్చ’, తెలంగాణలో ‘లొల్లి’. వదలకుండా వేధించేది ‘పీడ’. పుస్తకాల తెలుగులో ‘ఉపద్రవం’ ఉంది గానీ, డ్రైనేజీ పొంగిందని ఫిర్యాదు రాస్తూ ఉపద్రవం అంటే వరదలు వచ్చాయేమో అనుకుంటారు. ఉర్దూలో ‘తక్లీఫ్’ దగ్గరగా వస్తుంది, కానీ అది పడేవాడి బాధ. న్యూసెన్స్ మాత్రం పెట్టేవాడి పని.

రాజకీయ వార్తల్లో వినపడే ‘న్యూసెన్స్ వాల్యూ’ ఇంకో రకం. గెలిచే బలం లేకపోయినా, ఎదుటివాడి పని చెడగొట్టే శక్తి వల్ల వచ్చే గిరాకీ. టికెట్ రాని రెబల్‌కి ఉండేది ఇదే. 2023లో ఆహాలో వచ్చిన, మదనపల్లె విలేకరుల చుట్టూ తిరిగే సిరీస్‌కి కూడా ‘న్యూసెన్స్’ అని పేరు పెట్టారు. ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో మాత్రం ముందు ‘న్యూస్’ వచ్చేలా రాసి చమత్కరించారు.

ఫిర్యాదు చేయాలన్నా, నోటీసు వచ్చినా

వీధిలో మురుగు, పొగ, కూలిపోయేలా ఉన్న గోడ, మూత లేని బావి లాంటివాటి మీద ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్‌కి అర్జీ పెట్టొచ్చు. కలెక్టర్, సబ్ కలెక్టర్, ఆర్డీవో ఆ హోదాలో ఉంటారు. పాత 133వ సెక్షన్ ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 152. సివిల్ దారిలో అయితే సివిల్ ప్రొసీజర్ కోడ్ 91వ సెక్షన్ కింద, తమకు ప్రత్యేకంగా నష్టం జరగకపోయినా, ఇద్దరు లేదా అంతకన్నా ఎక్కువమంది కోర్టు అనుమతితో దావా వేయొచ్చు.

152 కింద మొదట వచ్చేది షరతుతో కూడిన ఉత్తర్వు మాత్రమే. తొలగించండి, లేదంటే ఫలానా తేదీన వచ్చి ఎందుకు తొలగించకూడదో చెప్పండి అని ఉంటుంది. అది ప్రజల దారి కాదు, సొంత స్థలం అని వాదించేవాళ్లు ఆ రోజు హాజరై ఆ మాటే చెప్పాలి. అప్పుడు 156వ సెక్షన్ ప్రకారం మేజిస్ట్రేట్ ముందుగా అక్కడ ప్రజలకు హక్కు ఉందా లేదా అని విచారించాలి. హక్కు లేదనడానికి నమ్మదగిన ఆధారం కనిపిస్తే, సివిల్ కోర్టు తేల్చేదాకా ఆ వ్యవహారం ఆగుతుంది. తొలగించకుండా, హాజరు కాకుండా ఉంటే మాత్రం ఉత్తర్వు ఖాయమైపోతుంది, 223వ సెక్షన్ కింద ఇంకో కేసు కూడా తోడవుతుంది.